గుహాచిత్రాల నకళ్లు ఎవరి సొత్తు?

గుహ గోడ మీద ఖడ్గమృగాన్ని గీసిన మనిషికి కాపీరైటు లేదు. ఆ చేయి మట్టిలో కలిసి వేల ఏళ్లు దాటింది. పేరు తెలియదు, వారసులెవరో తేలదు. కాపీరైటు చట్టాల లెక్కలో ఆదిమానవుడి బొమ్మ ఎవరైనా వాడుకోదగిన ఉమ్మడి సంపద. అయినా గత మూడు దశాబ్దాల్లో ఈ బొమ్మల ఫోటోల మీద, నకళ్ల మీద, చివరికి గుహ పేరు మీద కూడా ఫ్రాన్స్ నుంచి ఆస్ట్రేలియా దాకా తగాదాలు నడిచాయి. బొమ్మను నేరుగా పట్టుకునే వీలు లేక చట్టం దాని చుట్టూ ఉన్నవాటిని పట్టుకుంది: బొమ్మ కింది నేల, లోపలికి వెళ్లే తలుపు, తీసిన ఫోటో, పెట్టిన పేరు, ఆ బొమ్మను దైవంగా కొలిచే జనం. కేసులన్నీ వరసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. తలుపు తాళం ఎవరి చేతిలో ఉంటే బొమ్మ మీద పెత్తనం చాలావరకు వాళ్లదే అయింది. ఆ బొమ్మతో తరతరాల బంధం ఉన్నవాళ్ల మాట మాత్రం అన్నిటికన్నా ఆలస్యంగా కోర్టు చెవిన పడింది.

ఈ తగాదాల్లో అన్నిటికన్నా చిక్కుపడినది దక్షిణ ఫ్రాన్స్‌లోని షోవే గుహది. 1994 డిసెంబరు 18న ఆర్డెష్ నది లోయలో, వాలోన్-పోన్-దార్క్ అనే ఊరి దగ్గర, జాన్-మరీ షోవే, ఎలియెట్ బ్రూనెల్, క్రిస్తియాన్ ఇలేర్ అనే ముగ్గురు మిత్రులు రాళ్ల సందులోంచి వస్తున్న సన్నటి గాలిని పసిగట్టారు. అడ్డున్న రాళ్లు తొలగించి లోపలికి దిగారు. సింహాలు, ఖడ్గమృగాలు, గుర్రాలు, ఎలుగులు, మొత్తం 400కు పైగా జంతువుల బొమ్మలు అక్కడ ఉన్నాయి. బొగ్గు నమూనాలను పరీక్షిస్తే వాటిలో పాతవి సుమారు 36 వేల ఏళ్లనాటివని తేలింది. నేలంతా గుహ ఎలుగుల ఎముకలు, వాటి పాదాల గుర్తులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అవి చెదరకూడదని ఆ ముగ్గురూ తాము నడిచే మేరకే ప్లాస్టిక్ పట్టాలు పరుచుకుని, ఆ దారిలోనే వెళ్లి ఆ దారిలోనే వెనక్కి వచ్చారు. వాళ్లు పడిన ఆ జాగ్రత్త వల్లే ఆ నేల ఇవాళ్టికీ పరిశోధకులకు చదవడానికి వీలుగా ఉంది. తర్వాత నడిచిన వ్యాజ్యాల కాగితాల్లో ఈ సంగతి మరుగున పడిపోవడం బాధ కలిగిస్తుంది.

వాళ్లు లోపల ఫోటోలు తీశారు. 1995 జనవరిలో గుహ సంగతి ప్రపంచానికి వెల్లడైంది. సిగ్మా అనే ఫోటో ఏజెన్సీ ద్వారా ఆ ఫోటోలు పత్రికల్లోకి వెళ్లాయి. ఏ పత్రిక ముఖచిత్రం చూసినా ఆ సింహాలే. ఆ వెంటనే ఫోటోలు ఎవరివన్న ప్రశ్న లేచింది.

షోవే అప్పటికి ఫ్రెంచి సాంస్కృతిక శాఖ ప్రాంతీయ కార్యాలయంలో ఉద్యోగి. గుహల కాపలా ఆయన పని. ఉద్యోగం మీద వెళ్లి కనుగొన్నాడు కనుక ఫోటోల హక్కు తమదేనని ప్రభుత్వం వాదించింది. సెలవు రోజున స్నేహితులతో సరదాగా వెళ్లామని వాళ్లు బదులు చెప్పారు. ఈ తేడా ఎందుకంత ముఖ్యమైందంటే, ఫ్రెంచి కాపీరైటు చట్టం సాధారణంగా రచన హక్కును రచయితకే ఇస్తుంది, అతని యజమానికి కాదు. ప్రభుత్వోద్యోగుల విషయంలో మాత్రం 1972లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం కోన్సెయ్ దెతా వేరే అభిప్రాయం చెప్పింది. విధి నిర్వహణలో భాగంగా చేసిన పని మీద హక్కు ప్రభుత్వానిదేనన్నది దాని సారాంశం. అందుకే ఆ రోజు షోవే విధి మీద ఉన్నాడా లేదా అన్నదాన్ని బట్టి లక్షల ఫ్రాంకులు అటో ఇటో పోతాయి. విధి మీదే ఉన్నాడని చూపించే కాగితానికి వెనక తేదీ వేశారన్న ఆరోపణ రావడంతో వివాదం మరీ చేదెక్కింది.

చివరికి 2000లో రాజీ కుదిరింది. గుహను కనుగొన్నవారు ఆ ముగ్గురేనని ప్రభుత్వం ఒప్పుకుని, బొమ్మల వాణిజ్య వాడకం మీద వచ్చే రాబడిలో వాళ్లకు వాటా ఇవ్వడానికి అంగీకరించింది.

అటు నేల యజమానులది మరో వ్యాజ్యం. గుహ మీది భూమి పొదలు మొలిచిన సున్నపురాతి నేల, వేరువేరు కుటుంబాల పేర్లతో ఉంది. ఫ్రెంచి సివిల్ కోడ్‌లోని 552వ అధికరణ ప్రకారం నేల ఎవరిదో దాని పైనా కిందా ఉన్నది కూడా వాళ్లదే. పురావస్తు తవ్వకాల మీద 1941లో వచ్చిన చట్టం కూడా దీన్ని పూర్తిగా మార్చలేదు. ప్రభుత్వం ప్రజా ప్రయోజనం పేరుతో భూసేకరణ మొదలుపెట్టి, పనికిరాని పొదల నేలకు కట్టినట్టే వెల కట్టింది. కింద ప్రపంచంలోకెల్లా విలువైన గోడలు ఉంటే పైన గడ్డి రేటు ఇస్తారా అని యజమానులు కోర్టుకెక్కారు. ప్రభుత్వం వాదన కూడా కొట్టిపారేయదగినది కాదు. బొమ్మలను కాపాడాలంటే గుహను మూసి ఉంచాల్సిందే, మూసి ఉంచిన గుహతో వ్యాపారం చేయలేరు, చేయలేని వ్యాపారానికి విలువ ఎక్కడిది?

కేసు కింది కోర్టు నుంచి నీమ్ అప్పీలు కోర్టుకూ, అక్కడి నుంచి పారిస్‌లోని అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన కాసేషన్ కోర్టుకూ వెళ్లింది. కాసేషన్ కోర్టు 1999లో నీమ్ తీర్పును కొట్టేసి వ్యవహారాన్ని టూలూజ్‌కు పంపింది. టూలూజ్ అప్పీలు కోర్టు 2001లో 8 కోట్ల 70 లక్షల ఫ్రాంకులకు పైగా పరిహారం ప్రకటించింది. అంటే సుమారు 1 కోటి 30 లక్షల యూరోలు. అంత మొత్తం చూసి ఫ్రాన్స్ ఉలిక్కిపడింది. ఆ అంకె నిలవలేదు. మళ్లీ పై కోర్టు, మళ్లీ మరో అప్పీలు కోర్టు, చివరికి దక్కింది అందులో చిన్న భాగమే. యజమానులు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం తలుపు కూడా తట్టారు. 2011 అక్టోబరులో ఆ పిటిషన్ విచారణకు అర్హం కాదని తేల్చడంతో భూమి వ్యవహారం ముగిసింది. గుహ బయటపడి అప్పటికి 17 ఏళ్లు.

ఈ కేసు నలుగుతున్న రోజుల్లోనే ఫ్రాన్స్‌లో ఇంకో సిద్ధాంతం ఊపందుకుంది. వస్తువు ఎవరిదో దాని ఫోటో మీద హక్కు కూడా వాళ్లదేనన్న మాట అది. 1944లో మిత్ర సైన్యాలు నార్మండీలో దిగిన రాత్రి మొదట విముక్తి పొందిన ఇల్లుగా పేరుపడిన చిన్న కాఫీ హోటలు గోండ్రే. దాని ఫోటోతో పోస్టుకార్డులు అమ్మిన ప్రచురణకర్త మీద యజమానురాలు దావా వేసింది. 1999 మార్చిలో కాసేషన్ కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పు తర్వాత కొండలూ దీవులూ సొంతంగా ఉన్నవాళ్లు వరసగా ఫోటోగ్రాఫర్ల మీద పడ్డారు. ఓవెర్న్ ప్రాంతంలోని ఒక అగ్నిపర్వతం యజమానులు సైతం ప్రకటనలో తమ కొండ బొమ్మ వాడినందుకు కోర్టుకు వెళ్లి ఓడిపోయారు. 2004 మే 7న కాసేషన్ కోర్టు నిండు ధర్మాసనం, రూఆన్ నగరంలోని జిరాంకూర్ అనే పాత భవంతి కేసులో, ఈ సిద్ధాంతాన్ని పక్కన పెట్టింది. వస్తువు యజమానికి దాని బొమ్మ మీద గుత్తహక్కు లేదు, ఆ వాడకం వల్ల అసాధారణమైన ఇబ్బంది కలిగితేనే అడ్డు చెప్పవచ్చు అని తేల్చింది. ఆ తీర్పు రాకపోయి ఉంటే సొంత పొలంలో గుహ ఉన్న ప్రతి రైతూ దాని బొమ్మ అచ్చైన ప్రతి పుస్తకం మీదా లెక్క అడిగేవాడు.

షోవే అనుభవం చట్టాన్నే మార్పించింది. 2001 జనవరి 17న వచ్చిన పురావస్తు చట్టం, భూగర్భంలో కొత్తగా దొరికే కట్టడాలకూ గుహలకూ 552వ అధికరణ వర్తించదని చెప్పింది. నేల యజమానికి రాకపోకల వల్ల కలిగే నష్టానికే పరిహారం. అనుకోకుండా కనుగొన్న మనిషికి మాత్రం, ఆ చోటుతో ఎవరైనా ఆదాయం పొందితే, ఒక మొత్తమో రాబడిలో వాటానో ఇవ్వాలని అదే చట్టం రాసింది. ఆరేళ్ల పాటు షోవే మిత్రులు అడిగినది దాదాపు అదే.

అంతటితోనూ తగాదా ఆగలేదు. అసలు గుహలోకి జనాన్ని వదలరు. అందుకని కొద్ది కిలోమీటర్ల దూరంలో 3,500 చదరపు మీటర్ల నమూనా గుహ కట్టారు. 2015 ఏప్రిల్‌లో అది తెరుచుకున్నప్పుడు దాని పేరులో షోవే లేడు. పేరు వాడకం మీద, టికెట్ల రాబడి మీద కనుగొన్నవారికీ నిర్వాహకులకూ మధ్య కోర్టు వ్యవహారం నడుస్తుండడంతో దానికి కావెర్న్ దు పోన్-దార్క్ అని పేరు పెట్టారు. అధ్యక్షుడు ఓలాండ్ వచ్చిన ప్రారంభోత్సవానికి ఆ ముగ్గురూ వెళ్లలేదు. కొన్నేళ్ల తర్వాత గానీ ఆ చోటు షోవే 2 అన్న పేరుతో బోర్డు పెట్టుకోలేకపోయింది. బొమ్మకు హక్కుదారుడు లేకపోవచ్చు, బొమ్మ ఉన్న చోటి పేరు మాత్రం ట్రేడ్‌మార్కు కాగలదు. టీషర్టు మీద సింహం అచ్చేయడం కన్నా దాని కింద గుహ పేరు అచ్చేయడమే వ్యాపారికి ఎక్కువ చిక్కు.

తాళం చేతిలో ఉన్నవాళ్ల బలం ఎంతో జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ అనుభవం చెబుతుంది. 2010లో వచ్చిన కేవ్ ఆఫ్ ఫర్గాటెన్ డ్రీమ్స్ అనే డాక్యుమెంటరీ కోసం ఆయన షోవే గుహలో చిత్రీకరణకు అనుమతి అడిగాడు. ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పిన ప్రకారం, ఒక్క యూరో ప్రతిఫలానికి ఫ్రెంచి సాంస్కృతిక శాఖ తాత్కాలిక ఉద్యోగిగా చేరి, లాభాపేక్ష లేని వాడకానికి ఆ సినిమాను శాఖకు ఇచ్చేందుకు ఒప్పుకున్నాడు. ఆయనతో కలిపి నలుగురే లోపలికి వెళ్లారు. వేడి పుట్టించని దీపాలు, రోజుకు కొద్ది గంటలే సమయం, రెండడుగుల వెడల్పు లోహపు బాట దిగి పక్కకు కాలు పెట్టడానికి వీల్లేదు. కాపీరైటు ప్రస్తావనే లేకుండా, కేవలం ప్రవేశ షరతులతో ఒక దేశం తన గుహ బొమ్మల మీద ఎంత పట్టు సాధించగలదో దీన్ని బట్టి అర్థమవుతుంది. షోవే మిత్రుల విషయంలో కాగితాలతో గెలవాలని చూసిన ప్రభుత్వమే ఇక్కడ ముందే నిబంధన రాసుకుని ఏ గొడవా లేకుండా పని నడిపింది.

ఇక ఫోటో సంగతి. పాత బొమ్మకు హక్కు లేకపోయినా దాన్ని ఫోటో తీసినవాడికి కొత్త హక్కు పుడుతుందా? 1999లో న్యూయార్కులోని ఫెడరల్ కోర్టు బ్రిడ్జ్‌మన్, కోరెల్ సంస్థల మధ్య కేసులో పుట్టదంది. పాత వర్ణచిత్రాన్ని ఉన్నదున్నట్టు ఫోటో తీస్తే అందులో కొత్త సృజన లేదన్నది కారణం. యూరోపియన్ యూనియన్ కూడా 2019 నాటి కాపీరైటు ఆదేశంలోని 14వ అధికరణలో ఇదే దారి పట్టింది. హక్కు గడువు తీరిన దృశ్యకళకు తీసిన నకలు, స్వతంత్ర సృజన ఉంటే తప్ప, రక్షణ పొందదు.

కానీ గుహ గోడ క్యాన్వాసు కాదు. స్పెయిన్‌లోని ఆల్టమీరా గుహ కప్పు మీద అడవిదున్నలను రాతి ఉబ్బుల మీదనే గీశారు. ఉబ్బు ఎక్కడ లేస్తే అక్కడ దున్న భుజమో వీపో వచ్చేలా చిత్రకారుడు చోటు ఎంచుకున్నాడు. షోవేలో గుర్రాల గోడను గీసినవాళ్లు ముందు రాయిని గీకి తెల్లగా చేసి, బొగ్గును వేళ్లతో రుద్ది నీడలు తెప్పించారు. దీపం ఎదురుగా పెడితే రంగు కనబడుతుంది, రాతి వంపు మాయమవుతుంది. పక్క నుంచి పెడితే గీతలు లేస్తాయి, రంగు మసకబారుతుంది. ఎక్కడ నిలబడాలి, వెలుతురు ఎటు నుంచి రావాలి, ఎంత మేర చూపాలి అన్నవన్నీ ఫోటోగ్రాఫర్ నిర్ణయాలే. 1947లో లైఫ్ పత్రిక కోసం ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను ఫోటోలు తీసిన రాల్ఫ్ మోర్స్ తెచ్చినవి అచ్చు నకళ్లు కావు, ఒక మనిషి చూపు. బల్లపరుపు బొమ్మ కోసం పుట్టిన సూత్రాన్ని గుహ గోడకు యథాతథంగా వర్తింపజేస్తే ఫోటోగ్రాఫర్‌కు అన్యాయమే జరుగుతుంది.

చేత్తో వేసిన నకళ్ల సంగతి ఇంకా సున్నితం. అబ్బే ఆన్రీ బ్రుయ్ అనే ఫ్రెంచి మతగురువు ఇరవయ్యో శతాబ్దం మొదటి సగమంతా గుహల్లో పాకుతూ ఆల్టమీరా మొదలు ఆఫ్రికా దాకా వందల బొమ్మలకు నకళ్లు వేశాడు. ఆయన 1961లో పోయాడు. యూరప్‌లో రచయిత మరణం తర్వాత 70 ఏళ్లు హక్కు నిలుస్తుంది కనుక, ఆ నకళ్లు స్వతంత్ర రచనలని ఒప్పుకుంటే 2031 చివరిదాకా రక్షణలో ఉంటాయి. ఒప్పుకోవాలా? తన నకలు గోడకు నమ్మకమైన ప్రతి అని బ్రుయ్ నమ్మకం. హక్కు కావాలంటే అందులో తన కల్పన ఉందని ఒప్పుకోవాలి. శాస్త్రానికి ఎంత విధేయంగా ఉంటే కాపీరైటుకు అంత దూరమవుతాడు. లాస్కో నమూనా గుహ కోసం ఏళ్ల తరబడి బొమ్మలు గీసిన చిత్రకారిణి మోనిక్ పెయ్‌త్రాల్ లాంటివాళ్ల శ్రమ కూడా ఇదే ఇరకాటంలో ఉంది. లేజరు స్కానుతో త్రీడీ నమూనాలు వచ్చాక ప్రశ్న మరింత ముదిరింది. అక్కడ మనిషి చేసే ఎంపిక ఇంకా తక్కువ, పెట్టిన ఖర్చు మాత్రం చాలా ఎక్కువ.

కొన్ని దేశాలు కాపీరైటుతో పని లేకుండా నేరుగా వారసత్వ చట్టాలతోనే అడ్డుకట్ట వేశాయి. మెక్సికోలో 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తు కట్టడాల నకళ్లను వ్యాపారానికి వాడాలంటే జాతీయ పురావస్తు సంస్థ అనుమతి కావాలి. బాహా కాలిఫోర్నియా కొండల్లోని పెద్ద శిలాచిత్రాలూ ఈ చట్టం నీడలోనివే. 2010లో స్టార్‌బక్స్ సంస్థ ఆజ్టెక్ రాతిచక్రం, పిరమిడ్ బొమ్మలున్న కప్పులను అనుమతి లేకుండా అమ్మి, పురావస్తు సంస్థ ప్రశ్నించాక క్షమాపణ చెప్పి రుసుము కట్టడానికి సిద్ధపడింది. ఇటలీ 2004 నాటి సాంస్కృతిక సంపద నియమావళిలో ఇలాంటి రుసుములే ఉన్నాయి. లియొనార్డో గీసిన విట్రూవియన్ మనిషి బొమ్మను పజిల్ మీద వేసిన రావెన్స్‌బర్గర్ సంస్థను 2022లో వెనిస్ కోర్టు ఆపమంటే, ఇటలీ చట్టం తమ దేశంలో చెల్లదని 2024లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ కోర్టు తీర్పిచ్చింది. అదే ఇటలీలో వాల్ కమోనికా లోయ రాళ్ల మీద చెక్కిన గులాబీ లాంటి గుర్తును లొంబార్దీ ప్రాంతీయ ప్రభుత్వం 1975 నుంచి తన చిహ్నంగా వాడుకుంటోంది. బ్రూనో మునారి, బాబ్ నూర్దా తదితర పేరున్న డిజైనర్లు దాన్ని తీర్చిదిద్దారు. రాతి మీది చెక్కుడు అందరిదీ, దాన్ని సానబట్టిన గుర్తు ప్రభుత్వానిది.

ఎవరూ కోర్టుకు వెళ్లని వాడకాలూ బోలెడు. స్పెయిన్‌లో బిసోంతే సిగరెట్ పెట్టెల మీద ఆల్టమీరా దున్న దశాబ్దాల పాటు కనబడింది. 1994 లిల్‌హామర్ శీతాకాల ఒలింపిక్స్ ఆటల గుర్తులు నార్వేలో దొరికిన సుమారు 4 వేల ఏళ్లనాటి స్కీయర్ చెక్కుడు నుంచి పుట్టినవే.

ఇంతవరకు చెప్పిన కేసులన్నిటిలో గీసినవాళ్ల వారసులు లేరు. వాళ్లు ఉన్నచోట కథే వేరు. కెనడాలో వాంకూవర్ దీవి పక్కనున్న గాబ్రియోలా దీవి రాళ్ల మీది చెక్కుళ్లు స్నునేముహ్ అనే ఆదివాసీ జాతికి పవిత్రమైనవి. వ్యాపారులు వాటిని టీషర్టుల మీద, నగల మీద, పోస్టుకార్డుల మీద వేసి అమ్ముకోసాగారు. కాపీరైటు పనికిరాదు, సాధారణ ట్రేడ్‌మార్కు కావాలంటే తామే ఆ బొమ్మలతో వ్యాపారం చేయాలి. అది వాళ్లకు ఇష్టం లేదు. అప్పుడు ఒక ఉపాయం దొరికింది. కెనడా ట్రేడ్‌మార్కుల చట్టంలో ప్రభుత్వ సంస్థల కోసం అధికారిక ముద్రలనే వెసులుబాటు ఉంది. ఆ ముద్రతో సరుకు అమ్మాల్సిన పని లేదు, దానికి గడువూ లేదు. 1999లో ఆ జాతి 10 చెక్కుళ్ల బొమ్మలను ఆ పద్ధతిలో నమోదు చేయించింది. స్థానిక వర్తకులు చాలావరకు ఆ బొమ్మల వాడకం మానేశారని తర్వాత జాతి సభ్యులు చెప్పారు. తమ దైవాల బొమ్మలను అమ్మడానికి కాక, అమ్మకుండా ఆపడానికి ఒక జాతి ట్రేడ్‌మార్కు చట్టాన్ని వాడుకున్న అరుదైన సందర్భమిది. ఈ వ్యాసంలోని గెలుపులన్నిటిలోకీ న్యాయమైన గెలుపు వీళ్లదే.

ఆస్ట్రేలియా కథ ఎక్కువ నొప్పితో కూడినది. వాయవ్యాన కింబర్లీ ప్రాంతపు గుహల్లో తెల్లని ముఖం, పెద్ద నల్లటి కళ్లు, తల చుట్టూ కిరణాల వలయం, నోరు లేని వాంజినా దేవతల బొమ్మలుంటాయి. వొరోరా, న్గారిన్యిన్, వునంబల్ జాతులు వాటిని మనుషులు గీసినవిగా అనుకోరు. వాంజినాలే రాతి మీద తమ రూపం వదిలి వెళ్లారని, రంగు వెలిసినప్పుడల్లా కొత్త రంగు పూస్తేనే వానలు పడతాయని నమ్ముతారు. 1987లో ప్రభుత్వ నిధులతో నడిచిన ఒక పథకం కింద అక్కడి యువకులు కొన్ని చోట్ల మళ్లీ రంగులు వేశారు. మానవజాతి మొత్తానికి చెందిన పురాతన కళను పాడు చేశారని కొందరు తెల్లవాళ్లు గగ్గోలు పెట్టారు. న్గారిన్యిన్ పెద్ద డేవిడ్ మొవల్జర్లాయ్ మరుసటి ఏడాది యాంటిక్విటీ అనే పురావస్తు పత్రికలో సహరచయితలతో కలిసి తమ పక్షం వినిపించాడు. తమ దృష్టిలో ఆ బొమ్మ గతానికి చెందిన వస్తువు కాదు, ఇవాళ్టి బాధ్యత. మానవజాతి వారసత్వం అన్న మాట వినడానికి ఎంత బాగున్నా, దాన్ని పట్టుకుని అసలు కాపరులనే పక్కకు నెట్టవచ్చని ఆ గొడవ చూపింది.

సిడ్నీ దగ్గర బ్లూ మౌంటెన్స్‌లోని కటూంబాలో 2010లో మరో వివాదం వచ్చింది. కింబర్లీకి వేల కిలోమీటర్ల దూరాన ఉన్న ఒక ఆర్ట్ గ్యాలరీ తన ఆవరణలో వాంజినా ముఖాలు చెక్కిన పెద్ద రాతి శిల్పం నిలబెట్టింది. కింబర్లీ పెద్దల అనుమతి లేదు, స్థానిక ఆదివాసులు కూడా నొచ్చుకున్నారు. వాళ్ల చేతిలో కాపీరైటు లేదు, ఎందుకంటే బొమ్మకు తెలిసిన రచయిత లేడు, గడువు ఎప్పుడో దాటింది. చివరికి అక్కరకొచ్చింది పట్టణ ప్రణాళిక చట్టం. శిల్పానికి మునిసిపల్ అనుమతి నిరాకరించారు. యజమాని అప్పీలు చేస్తే 2011లో న్యూ సౌత్ వేల్స్ భూమి, పర్యావరణ కోర్టు ఆ నిరాకరణను సమర్థించింది. ఒక జాతి దైవం పరువు ఇంటి ప్లాను నిబంధనల మీద ఆధారపడాల్సి వచ్చింది. అనుమతితో జరిగిన వాడకం ఎలా ఉంటుందో సిడ్నీ 2000 ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో లోకమంతా చూసింది. అక్కడ లేచిన భారీ వాంజినా బొమ్మ, వొరోరా చిత్రకారుడు డానీ వూలగూజా చేతి నుంచి వచ్చినది.

అదే దేశంలో కోర్టులు మెల్లగా కదిలిన దారి కూడా ఉంది. 1966లో ఆస్ట్రేలియా కొత్త ఒక డాలరు నోటు మీద డేవిడ్ మలంగి బెరడు మీద వేసిన చిత్రాన్ని ఆయనకు చెప్పకుండానే అచ్చేశారు. సంగతి బయటపడ్డాక రిజర్వు బ్యాంకు గవర్నరు ఆయనకు 1,000 డాలర్లు, ఒక పతకం ఇచ్చాడు. 1998లో జాన్ బులున్ బులున్ అనే చిత్రకారుడి చిత్రాన్ని గుడ్డల మీద అచ్చేసిన కంపెనీ మీద కేసు వచ్చినప్పుడు, ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి వాన్ డూసా ఒక మెట్టు ముందుకు వేశాడు. కాపీరైటు చిత్రకారుడిదే, అతని గణానికి అందులో వాటా లేదు, అయితే పవిత్ర చిహ్నాలు వాడుకున్నందుకు గణం పట్ల నమ్మకంతో మెలగవలసిన బాధ్యత అతనికి ఉందన్నాడు. ఇవి గుహల బొమ్మలు కావు, బతికున్నవాళ్ల చిత్రాలు. అయినా రాతి మీద ఉన్న అవే చిహ్నాల విషయంలో గణం మాటకు చట్టంలో తొలి చోటు దొరికింది ఈ తీర్పుతోనే.

దక్షిణాఫ్రికా 2000 ఏప్రిల్ 27న స్వీకరించిన రాజచిహ్నం మధ్యలో ఉన్న మానవ రూపాలు లింటన్ అనే పొలం నుంచి వందేళ్ల కిందట పెకలించి కేప్‌టౌన్ మ్యూజియంలో పెట్టిన సాన్ జాతి శిలాచిత్రం నుంచి వచ్చినవి. దాని కింది నినాదం ఇవాళ ఎవరూ మాట్లాడని సాన్ భాషలో ఉంది. 1999 నాటి జాతీయ వారసత్వ చట్టం అక్కడి శిలాచిత్రాలకే కాదు, వాటి చుట్టూ 10 మీటర్ల మేరకు రక్షణ ఇస్తుంది. ఆ కళాకారుల బంధువులైన సాన్ ప్రజలు 2017లో పరిశోధకుల కోసం సొంత నియమావళి విడుదల చేశారు. తమ గురించి, తమ వారసత్వం గురించి సేకరించే దేనికైనా ముందు తమతో మాట్లాడాలన్నది అందులో ఒక కోరిక.

భారతదేశంలో ఇలాంటి పెద్ద వ్యాజ్యం ఏదీ వార్తలకెక్కలేదు. 1957లో విష్ణు శ్రీధర్ వాకంకర్ లోకానికి చూపిన భీంబేట్కా 2003లో యునెస్కో జాబితాలో చేరింది. కేంద్రం రక్షిత కట్టడాల్లో సినిమా తీయాలంటే 1959 నిబంధనల కింద పురావస్తు శాఖ లైసెన్సు తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి పురాతన కట్టడాల చట్టం, తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టం ఉన్నాయి. ఫోటోల విషయంలో మన కాపీరైటు చట్టం స్పష్టంగానే ఉంది. 2012 సవరణ తర్వాత ఫోటో తీసిన వ్యక్తి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు అతనిదే.

కడప జిల్లా చింతకుంటలో, కర్నూలు వైపు కేతవరంలో, భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టలో రాతి కొండల కింద శిలాచిత్రాలున్నాయి. పాండవుల గుట్టలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో దున్నలు, జింకలు, పులులు కనబడతాయి. ఊరి జనం ఆ చోటును పాండవులకు కట్టబెట్టారు, భీంబేట్కాలో భీముడు కూర్చున్నాడని చెప్పుకున్నట్టే. వాంజినా తానే రాతి మీద నిలిచిందని కింబర్లీ ప్రజలు చెప్పే మాటకు ఇది మరీ దూరమేమీ కాదు. ఇక్కడ బొమ్మలకు ముప్పు తెచ్చేది టీషర్టు వ్యాపారి కన్నా క్వారీ యంత్రం, రాతి మీద పేరు చెక్కే కుర్రాడు. ఎండకూ వానకూ ఒడ్డిన ఈ గోడలకు తాళం వేసే తలుపు లేదు. అందుకని ఎవరైనా వెళ్లి తేదీ, చోటు, కొలత రాసి తీసిన ఫోటో ఒక్కోసారి ఆ బొమ్మకు మిగిలే ఏకైక సాక్ష్యం కావచ్చు. ఆ ఫోటో తీసినవారి పేరు లేకుండా పుస్తకాల్లోనూ ఫోనుల్లోనూ తిరిగితే చట్టం ప్రకారం అది ఉల్లంఘన. ఎక్కడ, ఎప్పుడు తీశారన్న వివరం ఊడిపోతే పరిశోధకుడికి ఆ ఫోటో కొరగాకుండా పోతుంది.